చప్పుడు చేస్తూ రావాలి

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ ఆవిడ గోరువెచ్చక్క. ఎవరి మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు గిన్నెడు వేడినీళ్ళలో రెండు చేతులూ ముంచి, తుడుచుకుని, తన చెంపకి ఆనించి చూసుకుని గానీ వెయ్యదు. కింద కొట్లో టైలరు భార్య పెట్టిన పేరది. వెక్కిరింతగానే పెట్టింది గానీ అతుక్కుపోయింది.

ఆవిడ పనేమిటో రెండు ముక్కల్లో చెప్పమంటే ఆవిడకే రాదు. మాలిష్ అనుకుని వచ్చి, నూనె ఏదని అడిగి, లేదంటే మొహం మాడ్చుకుని వెళ్ళినవాళ్ళున్నారు. నూనె లేదు, పిసకడం లేదు. ప్రమాదంలోంచి బయటపడ్డా ఒళ్ళు మాత్రం ఇంకా అందులోనే ఉండిపోయినవాళ్ళు, కారణం తెలియని భయం గుండెల్లో పెట్టుకుని తిరిగేవాళ్ళు వస్తారు. డాక్టరు మందులు డాక్టరువే. ఈవిడ భుజం మీదో ముంజేతి మీదో అరచెయ్యి ఆనించి, వాళ్ళ ఊపిరి నెమ్మదించేదాకా కదలకుండా కూర్చుంటుంది. అంతేనా అంటారు చూసినవాళ్ళు. ఒక్క గంట అలా కూర్చుని చూడమనండి, నడుములు పడిపోతాయి.

అంతకుముందు పదకొండేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసింది. మంచం దిగలేనివాళ్ళకి ఒళ్ళు తుడిచేది. మందుకి లొంగని వణుకు తడిగుడ్డ పట్టుకున్న తన చేతికి లొంగడం చూసి తనే తెల్లబోయేది. వార్డుకి వచ్చే థెరపిస్టు ఒకావిడ అది కనిపెట్టి, పట్టుబట్టి రెండేళ్ళ కోర్సులో చేర్పించింది. అక్కడ నేర్చుకున్నవాటిలో రెండు మాటలు గోరువెచ్చక్క రక్తంలో కలిసిపోయాయి. అడక్కుండా ముట్టుకోకూడదు. చప్పుడు చెయ్యకూడదు.

మొదటి మాట సంగతి అలా ఉంచితే, రెండోదాని విషయంలో ఆవిడ కాస్త అతి చేసిందనే చెప్పాలి. గదిలో గుడ్డ చెప్పులతో నడిచేది. తలుపు బందులకి వారం వారం నూనె. టిక్కుమనే గడియారాన్ని వంటింట్లోకి తరిమేసింది. ఆ గదిలోకి దోమ రావాలన్నా కాళ్ళకి మేజోళ్ళు తొడుక్కుని రావాలని టైలరు వేళాకోళం ఆడేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. లోపల మాత్రం ఆ నిశ్శబ్దం అంటే ఆవిడకి చాలా గర్వం.

అలాంటి గదికి ఒకరోజు పొద్దున్నే కాగితం మిల్లు క్యాంటీన్‌లో పనిచేసే ఒకావిడ వచ్చింది. భారీ మనిషి. గొంతు మాత్రం గుసగుస. గుమ్మంలోనే నిలబడి విషయం చెప్పింది. ఆమె భర్త అదే మిల్లులో బాయిలరు మేస్త్రీ. ఏడాదిన్నర కిందట అక్కడ ఆవిరి గొట్టం పేలింది. ఆయనకి ముంజేయి కాలింది, అది మానిపోయింది. అప్పట్నుంచీ మనిషి చెయ్యి తగిలితే చాలు ఎగిరిపడుతున్నాడు. నిద్రలో ఆమె కాలు తగిలినా లేచి గోడకి కరుచుకుంటున్నాడని, ఆమె ముందుగదిలో పడుకోవడం మొదలుపెట్టింది.

"డాక్టరుగారు మీ దగ్గరికి వెళ్ళమన్నారు. ఆయన మళ్ళీ బాయిలరు దగ్గరికి వెళ్ళకపోయినా పర్వాలేదు వదినా," అంది. "నేను చెయ్యి వేస్తే ఉలిక్కిపడకుండా ఉంటే చాలు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాం. ఇప్పుడు పక్కింటివాళ్ళలా ఉంటున్నాం."

గోరువెచ్చక్క ఆమెని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. "తీసుకురా వదినా, చూద్దాం," అంది.

మేస్త్రీ వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విప్పి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మొదటి రెండుసార్లు ఉత్త మాటలే. మూడోసారి గోరువెచ్చక్క, "భుజం మీద చెయ్యి వెయ్యనా అన్నయ్యా?" అని అడిగింది. ఆయన ఒక నిమిషం ఆలోచించి తలూపాడు. ఆవిడ చేతులు వెచ్చబరుచుకుని, అలవాటు ప్రకారం వెనకనుంచి, గుడ్డ చెప్పులతో పిల్లిలా వెళ్ళి, మెత్తగా భుజం మీద చెయ్యి ఆనించింది.

అంతే. కుర్చీ ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి. నీళ్ళగిన్నె బోర్లాపడింది. ఆయన మోచెయ్యి తగిలి ఆవిడ పెదవి చిట్లింది. దెబ్బ తగిలింది ఆవిడకైతే, ఆయనే నేల మీద కూర్చుని, "చెల్లెమ్మా, కావాలని కాదు, కావాలని కాదు" అంటూ వణికిపోయాడు.

ఇక్కడ గోరువెచ్చక్క చేసిన పని, ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు తప్ప మరొకరు చెయ్యరు. గది ఇంకా నిశ్శబ్దంగా ఉండాలనుకుంది. ఫ్యాను ఆపేసింది. తలుపు కింద సందులో దుప్పటి కుక్కింది. కిందికి దిగి, మేస్త్రీ వచ్చే గంటా కుట్టుమిషను ఆపమని టైలర్ని బతిమాలింది. అతను గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఫలితం ఏమిటంటే, మేస్త్రీ ఇప్పుడు కుర్చీలో కూడా కూర్చోలేకపోతున్నాడు. గోడకి వీపు ఆనించి నిలబడి, తలుపుకేసి చూస్తూ, చెమటలు కక్కుతున్నాడు. కింద మెట్ల మీద భార్య ఎదురుచూస్తూ కూర్చునేది. ఏమైందని నోటితో అడిగేది కాదు, కళ్ళతో అడిగేది. గోరువెచ్చక్క తల అడ్డంగా ఊపేది. అలా ఊపిన ప్రతిసారీ, ఇన్నేళ్ళూ నేను చేసింది ఏమిటి, ఉత్త చేతులు కడుక్కోవడమేనా అనిపించేది.

ఏడోసారి వచ్చిన రోజున టైలరుకి ఏదో స్కూలు యూనిఫారాల తొందర పడింది. మాట తప్పి మిషను ఎక్కాడు. రెండు మిషన్లు, ఒకటి తను, ఒకటి భార్య. గది నేల అదిరిపోతోంది. గోరువెచ్చక్కకి ఒళ్ళు మండిపోయింది. మేస్త్రీకి ఒక్క నిమిషం అని సైగ చేసి, దడదడా మెట్లు దిగి, టైలర్ని నాలుగు దులిపి, అతను తిరిగి ఎనిమిది దులిపితే వినలేక, అంతే కోపంగా చెక్కమెట్లు తొక్కుకుంటూ పైకొచ్చింది.

మేస్త్రీ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని. భుజాలు దిగి ఉన్నాయి.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "అన్నయ్యా, ఈ మోత..."

"నడవనియ్యమ్మా," అన్నాడు కళ్ళు తెరవకుండా. "మిషను నడుస్తున్నంతసేపూ ఏం కాదు."

అప్పుడు చెప్పాడు. బాయిలరు గదిలో ఇరవై ఆరేళ్ళు. ఎప్పుడూ మోతే. ఆ రోజు నీళ్ళు తోడే పంపు ఆగిపోయింది, దాంతో మోతా ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆయన అక్కడ ఎన్నడూ వినలేదు. ఏమిటా అని తల తిప్పేలోపు గొట్టం పేలింది. వెనకనుంచి ఎవరో భుజం పట్టి లాగారు. బతికింది ఆ చేతివల్లే. కానీ ఒంటికి ఆ లెక్క తెలియదు. నిశ్శబ్దం, ఆ తర్వాత భుజం మీద చెయ్యి. అంతవరకే దానికి తెలుసు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరైనా మోతకి భయపడతారు గానీ నిశ్శబ్దానికి భయపడతారా? చెబితే నవ్వరూ? ఇంట్లో అందరూ నాకోసమని కాళ్ళ వేళ్ళ మీద నడుస్తున్నారు. టీవీ పెట్టరు. మా ఆవిడ గొంతు విని ఏడాది దాటింది చెల్లెమ్మా. క్యాంటీన్‌లో టోకెన్ నంబరు పిలిస్తే గేటు దాకా వినిపించేది. ఇప్పుడు ఎప్పుడు వెనకనుంచి వస్తుందో, ఎప్పుడు చెయ్యి వేస్తుందో నాకు తెలియట్లేదు."

గోరువెచ్చక్కకి సిగ్గేసింది. అడక్కుండా ముట్టుకోకూడదని పెద్ద నియమం పెట్టుకున్న మనిషి, ఎలా రావాలని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆ సాయంత్రం చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళి తన పాత తోలుచెప్పులకి మడమల కింద మేకులు కొట్టించుకుంది.

తర్వాత నెలరోజులూ ఆవిడ టకటకమంటూ ఎదురుగానే నడిచి వచ్చింది. కింద మిషన్లు నడిచాయి. మొదట ముంజేయి మీద మూడు ఊపిర్లసేపు, ఆ తర్వాత పది, ఆ తర్వాత భుజం. ఆయన పళ్ళు బిగించాడు, ఒకటి రెండుసార్లు లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ వచ్చాడు. చివరికి ఒక మధ్యాహ్నం ఆవిడ మేస్త్రీ భార్యని పైకి పిలిచి, నిశ్శబ్దం సంగతంతా చెప్పింది.

"ఇవాళ నా చెయ్యి కాదు వదినా, నీది. గుమ్మం దగ్గర్నుంచి మాట్లాడుతూ రా. నీ గొంతుతో, ఈ గుసగుసతో కాదు."

"ఏం మాట్లాడను?" అంది ఆమె గుసగుసగానే.

"నీ ఇష్టం. తిట్టు."

ఆమె మొదట మొహమాటపడింది. "ఏమయ్యా," అంది. గొంతు బొంగురుపోయి ఉంది. మళ్ళీ, "ఏమయ్యా!" ఈసారి కిటికీ అద్దం అదిరింది. "నిశ్శబ్దం వద్దని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? నవ్వుతాననుకున్నావా? ముప్ఫై ఏళ్ళలో నీ మొహం చూసి నవ్వనిదెప్పుడు? పిల్లిలా నడిచీ నడిచీ నా మోకాళ్ళు అరిగిపోయాయి!" ఒక్కో మాటకీ ఒక్కో అడుగు. మేస్త్రీ మూతి ఒక పక్కకి వంకర తిరిగింది. నవ్వాపుకుంటున్నాడు. "ఒళ్ళు కాలింది నీకైతే, ముందుగదిలో పడి ఏడ్చింది నేను. నిన్ను ముట్టుకోకూడదు సరే, మరి నన్నెవరు ముట్టుకున్నారయ్యా ఈ ఏడాదిన్నరా? నాకు జ్వరం వచ్చిననాడు నా నుదురు నేనే చూసుకున్నాను..."

అక్కడితో ఆమె మాట ఆగింది. కుర్చీకి మూరెడు దూరంలో, చెయ్యి సగం ఎత్తి, నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే కింద మిషన్లు కూడా ఆగాయి. టైలరు భోజనానికి లేచినట్టున్నాడు.

గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. మేస్త్రీ మెడనరాలు బిగుసుకున్నాయి. చేతులు కుర్చీని పట్టుకున్నాయి. గోరువెచ్చక్క కాలు నేలకేసి కొట్టబోయి, ఎందుకో ఆగింది.

ఆయన భార్యకేసి చూస్తున్నాడు. తలుపుకేసి కాదు. ఆయన చెయ్యి ఒకటి కుర్చీని వదిలి, గాల్లో తడబడి, ఆమె మణికట్టు పట్టుకుంది. తర్వాత అదే చేతిని ఆమె నుదుటి మీద ఆనించబోయాడు గానీ కూర్చున్నచోటునుంచి అంత ఎత్తు అందలేదు. ఆమే వంగింది.

జ్వరం చూస్తున్నవాడిలా అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టి, చాలాసేపు తియ్యలేదు.