సైలసు కొలిచిన బొటనవేళ్లు

సంత రోజు మధ్యాహ్నం రెండింటికల్లా సైలసు ముప్పై ఒక్క బొటనవేళ్లు కొలిచాడు. ఎవరు ఎదురైనా అతను మొహం చూడడు. జేబులోంచి స్కేలు తీసి, "ఏదీ, ఒకసారి బొటనేలు" అంటాడు. హుకుంపేట కొండల్లో కాఫీ రైతుల సంఘానికి వెబ్‌సైటు చేసే మనిషికి జనం వేళ్లతో పనేమిటని సంఘం కార్యదర్శి గణపతిరావు తల పట్టుకున్నాడు.

తప్పు తనదే. సైటు అందంగా తయారవుతుందని ఆశపడి, సైలసును విశాఖపట్నంలో వెబ్ డిజైనర్ల సదస్సుకు పంపింది తనే. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చిన సైలసు ముందు కండక్టరు వేలు కొలిచి, ఆ తర్వాత బస్సు దిగాడు.

"ఏటి నేర్చుకొచ్చావురా?"

"ఫోన్లో మీట తొమ్మిది మిల్లీమీటర్లుంటే చాలన్నారండి. ఎవరి వేలికండీ అని లేచి అడిగాను."

"ఏటన్నారు?"

"స్టేజీ మీద చెప్పేవాయన తన వేలు చూసుకున్నాడండి. నేనూ వెళ్లి చూశాను. ఒక్క పగులు లేదు. జున్నుముక్క."

"అక్కడా కొలిచావా!"

"భోజనాల వరసలో నలభై దొరికాయండి."

కొండ మీద అంత సులువుగా దొరకలేదు. ముసలి బుధు చెయ్యి చంకలో దాచుకున్నాడు. "మా తాత ఒక్కపాలి ఏలు ఇచ్చినాడు. గెడ్డ నీల్లకి అవతల బూమంతా పోనాది. నాను ఇవ్వను."

"ముద్ర కాదు మావా, కొలతే. సిరా నేదు, కాయితం నేదు."

బుధు స్కేలును వాసన చూసి ఎడమ చేతిది ఇచ్చాడు. కుడిది ఇప్పటికీ ఇవ్వలేదు. చర్చిలో పాస్టరు దీవించడానికి చెయ్యెత్తినప్పుడు కళ్లు మూసుకోకుండా ఆ బొటనవేలే చూసినవాడు సైలసు ఒక్కడే.

నిజానికి ఆ సైటుకు ఉన్న పని ఒక్కటే. కోసిన కాఫీ పళ్లకు ఆ రోజే తొక్క తీయాలి; ఆగితే పులుస్తాయి. సంఘానికి ఉన్న మిషను ఒక్కటి. ఫోన్లో మీట నొక్కి వంతు పట్టుకోవాలి. నిరుటి సైటు చాలామంది వేళ్లకు పలకలేదు. సైలసు చేసిన కొత్తది చూసి గణపతిరావు ఫోను అటూ ఇటూ తిప్పాడు. తెర నిండా ఇటుకంత మీట ఒక్కటే.

"కొండల బొమ్మేదిరా? నా ఫొటో ఏది?"

"జాగా చాల్లేదండి."

గణపతిరావు ఊరుకోలేదు. పట్నంలో ఒక కంపెనీ చేత ఇంకో సైటు చేయించాడు. మంచు కొండలు, తన ఫొటో, మిరియపు గింజంత మీట. రెండూ సంఘం మీటింగులో పెడదామన్నాడు. ఓడితే సైలసు ఈ పని వదులుకోవాలన్నాడు.

మీటింగులో గణపతిరావు ముందుగా సోములమ్మను పిలిచాడు. ఒంటరిగా ఎకరం తోట చేసుకునే మనిషి. ఆమె కంపెనీ మీట నొక్కింది. పలకలేదు. గట్టిగా నొక్కింది. పక్కనున్న గణపతిరావు ఫొటో పెద్దదై తెరంతా నిండింది.

"ఓలమ్మ, నువ్వొచ్చినావేటి బాబూ! నాకు మిషను కావాల."

మళ్లీ నొక్కింది. గణపతిరావు ఇంకా పెద్దవాడయ్యాడు.

సైలసు తన ఫోను అందించాడు. చెట్టు బెరడులా పగిలిన వేలు మడిచి, ఆమె కణుపుతో నొక్కింది. వంతు ఖాయమైందని ఫోను పైకే చెప్పింది.

"పలికీసింది!" అని సోములమ్మ అందరికీ చూపించింది. "నిరుడు పక్కింటోల్ని బతిమాలి వంతు ఏయించుకున్నాను. ఆల పని అయినాకే నాది. రెండుసార్లు పళ్లు పులిసి గెడ్డలో పోసినాను."

చేతులన్నీ ఇటుకకే లేచాయి. బుధు మాత్రం ఎడమ చెయ్యి ఎత్తాడు.

జనం వెళ్లాక గణపతిరావు సైలసు నోటుపుస్తకం తిరగేశాడు. నూట పదమూడు వేళ్లు. ఒక్క పేరు చుట్టూ గీత ఉంది: సోములమ్మ. మీట వెడల్పు సరిగ్గా ఆమె కణుపు వెడల్పుకు మూడింతలు.

"ఆవిడ కోసమైతే మిగతా నూట పన్నెండూ దేనికిరా?"

"నిరుడు ఆవిడ ఫోను పట్టుకుని పక్కింటి వాకిట్లో నిలబడ్డం చూశానండి. వేలు చూపమంటే కొంగులో దాచేసుకుంది. అందరివీ కొలుస్తున్నాను, పట్నంలో పెద్దోళ్లు కూడా ఇచ్చారని చెప్తే, అప్పుడు చాపింది."

"మరి ఆ తర్వాత పాస్టరుగారిది దేనికి?"

"అప్పటికి అలవాటైపోయిందండి."

మర్నాడు మిషను దగ్గర వరసలో సోములమ్మది ఒకటో నంబరు. గణపతిరావుది ఏడు.