ఆటలో లేని ఆడమనిషి

వనిత ఏం పని చేస్తుందని అడిగితే లాల్‌పేట్ బొగ్గుబావి కాలనీలో సగం మంది తల గోక్కుంటారు. పక్కింటి రాజక్క మాత్రం "కంప్యూటర్ల బొమ్మలేస్తది" అని తేల్చేస్తుంది. ఆవిడకు తెలిసినంతలో అది నిజమే. ఫోన్‌లో ఆటలు దించుకునే దుకాణం ఉంటుంది కదా, అందులో ప్రతి ఆటకూ ముందొక బొమ్మ అతికిస్తారు. వేలిగోరంత బొమ్మ. ఆట ఎంత గొప్పదైనా లోపలికి వచ్చాక కదా తెలిసేది! బొమ్మను దాటిపోతున్న వేలును ఒక్క క్షణం ఆపడమే వనిత బతుకుదెరువు.

ఇదీ ఒక పనేనా అని ముక్కు విరిచేవాళ్లు ఒకసారి కూర్చుని చేసి చూడాలి. అంత చిన్న చోట రెండు వస్తువులు పెడితే కన్ను ఏ ఒక్కదాని మీదా నిలవదు. అక్షరాలు పెడితే మరకల్లా కనిపిస్తాయి. మూలల్ని దుకాణంవాళ్లు గుండ్రంగా కోసేస్తారు కాబట్టి అసలు సంగతి నడిమధ్యలోనే ఉండాలి. వనిత ఇదంతా ఏ కాలేజీలోనూ నేర్వలేదు. మరాఠీ బడి ముగించి, గాంధీ చౌక్ దగ్గర ఫ్లెక్సీల దుకాణంలో చేరి, పుట్టినరోజు జరుపుకునే నాయకుల ముఖాలకు తెలుపెక్కిస్తూ కొన్నేళ్లు గడిపింది. ఆ తర్వాత నాగ్‌పూర్‌లోని ఒక చిన్న ఆటల కంపెనీ ఆమెను తీసుకుంది. ఇంట్లో ముందుగదిలోనే కూర్చుని పని చేస్తుంది.

రంగుల మీద పట్టు మాత్రం తల్లి దగ్గర నుంచి వచ్చింది. తండ్రి కనకరాజు మంచిర్యాల పక్క పల్లె నుంచి రాష్ట్రం దాటి ఇక్కడి బొగ్గుబావి పనికి వచ్చినవాడు. తల్లి లస్మవ్వకు చదువు రాదు. కానీ బతుకమ్మ పేర్చడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్లు కాలనీలో లేరు. బామ్ని ఊరి దాకా వెళ్లి గునుగు పూలు కోసుకొచ్చేది. వాటికి రంగులద్ది, తంగేడు పక్కన ఏ రంగు వరుస పెడితే తంగేడు మెరుస్తుందో చూసుకుని మరీ పేర్చేది. వీధి చివరి నుంచి చూసినా అది లస్మవ్వ బతుకమ్మ అని చెప్పేసేవారు. పండగ తొమ్మిది రోజులూ ఆమె నడకే వేరుగా ఉండేది.

కనకరాజు గుండెపోటుతో పోయాడు. భర్త పోయిన మనిషి బతుకమ్మ పేర్చకూడదు, ఎత్తకూడదు అని ఆ వాడ ఆడవాళ్లే పెట్టుకున్న కట్టు ఒకటుంది. ఎవరు పెట్టారని అడిగితే కళ్లు పెద్దవి చేస్తారు తప్ప జవాబు చెప్పరు. ఆ మరుసటి ఏడు పండగ ఆఖరి రోజున, సద్దుల బతుకమ్మ నాడు, నిన్నటిదాకా ఆమె చేతి వరుసలు చూసి నేర్చుకున్నవాళ్లే ఆమె గుమ్మం ముందు నుంచి పాడుకుంటూ వెళ్లిపోయారు. ఒక్కతె కూడా ఆగలేదు. లస్మవ్వ తలుపు ఓరగా వేసుకుని సందులోంచి చూసింది. పక్కన నిలబడ్డ వనిత తల్లి ముఖం చూసింది. నోరు మూసే ఉంది. కింది పెదవి లోపలికి ముడుచుకుపోయింది. కళ్లు నిండాయి గానీ చుక్క రాలలేదు.

నిరుడు కంపెనీ ఒక పూల ఆట తయారు చేసింది. పళ్లేల్లో కలగాపులగంగా ఉన్న పూలను రంగుల వారీగా వరుసలు కట్టాలి. వరుస నిండితే టింగుమని మోగి మీద ఇంకో వరుస మొదలవుతుంది. వనిత సంబరం చెప్పనలవి కాదు. ముదురు నీలం మీద పచ్చగా, తెల్లగా, ఎర్రగా లేచిన ఒకే ఒక్క పూల గోపురాన్ని ఆట ముందు అతికించే కవరుగా గీసింది. తల్లి పేర్చిన తీరే అది. కంపెనీ యజమాని అక్షయ్ "క్యా బాత్ హై" అన్నాడు. దుకాణంలో సగం మందికి ఒక బొమ్మ, మిగతా సగం మందికి ఇంకో బొమ్మ చూపించి, దేన్ని చూసి ఎక్కువమంది ఆట దించుకుంటారో చూడటం ఈ వ్యాపారంలో రివాజు. ఆ పోటీలో పూల గోపురం చిత్తుగా ఓడిపోయింది.

"ఏడ్చే ఆడమనిషి కావాలి," అన్నాడు అక్షయ్ మరాఠీలో. "వాన. మూసిన తలుపు. తలుపు బయట ఈమె, చేతిలో చెదిరిపోయిన పూలు. చూసినవాడికి పూలు పేర్చి ఆమెను కాపాడాలనిపించాలి."

"ఆటలో అలాంటి ఆమె ఎక్కడా లేదు కదా సర్?"

"ఆటలో ఉండాలని ఎవరన్నారు? బయట ఉంటే చాలు."

వనిత గీసిన ముఖాలన్నీ తిరిగొచ్చాయి. ఇవి సీరియల్ ఏడుపులు, ఎవరి వేలూ ఆగదు అన్నాడు. బొమ్మలు గీసే కొత్తవాళ్లు నాగ్‌పూర్‌లో కొల్లలుగా ఉన్నారని కూడా మెల్లగా గుర్తు చేశాడు. అప్పుడు వనిత చెయ్యకూడని పని చేసింది. మూసిన నోరు, లోపలికి ముడుచుకున్న కింది పెదవి, నిండి రాలని కళ్లు గీసింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు, అందుకే ఆమెకు భయం వేసింది. అక్షయ్ ఎగిరి గంతేశాడు. ఒకటే సవరణ చెప్పాడు. నుదురు బోసిగా ఉంది, పెద్ద ఎర్రబొట్టు పెడితే కన్ను సూటిగా అక్కడికే వస్తుంది, చేతులకు గాజులు కూడా వెయ్యి అన్నాడు. తండ్రి పోయిన నాడు తల్లి నుదుటి మీద తుడిచేసిన బొట్టును కూతురు మౌస్‌తో మళ్లీ పెట్టింది. తల్లి కంట ఇది పడకపోతే చాలు దేవుడా అనుకుంది.

ఆ బొమ్మ గెలిచింది. మామూలుగా కాదు, విరగబడి దించుకున్నారు. కంపెనీలో అందరూ శభాష్ అన్నారు. వనితకు మాత్రం అన్నం సహించలేదు.

ఈసారి పండగ రోజులు దగ్గర పడ్డాయనగా, ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి టింగుమని మోత వినిపించింది. ఎన్నిసార్లు విన్న మోత అది! వనిత మౌస్ వదిలేసి వంటింటి గుమ్మం దాకా వెళ్లింది. లోపల లస్మవ్వ గోడకానుకుని ఫోన్ మీద వంగి కూర్చుని ఉంది.

"రాజక్క ఏసిచ్చింది," అంది తల ఎత్తకుండానే. "గీమె అచ్చం నీ లెక్కనే ఉన్నది లస్మక్కా అన్నది. పాపం, ఎవ్వలో గానీ వానల నిలబెట్టి తలుపేస్కున్నరు. ఎన్నో ఆటకు తలుపు తీస్తరే బిడ్డా?"

"నాకేం ఎర్క అవ్వా," అంది వనిత. జీవితంలో అంత అధ్వాన్నమైన అబద్ధం ఆమె ఆడలేదు.

లస్మవ్వ ఇక ఆ ఫోన్ వదల్లేదు. పప్పు పొయ్యి మీద పెట్టి ఆడేది, బట్టలు ఆరేసి వచ్చి ఆడేది. ఏ వరుస మీద ఏది పెట్టాలో ఆ చేతులకు ఒకరు చెప్పాలా? రాజక్క నాలుగు రోజుల్లో విసిగి వదిలేసిన ఆట అది. లస్మవ్వ మాత్రం రోజూ ఇంకొన్ని మెట్లు దాటుతూనే పోయింది. "ఇంకా తీస్తలేరు, గింత రాయి గుండె మనుషులా?" అని ఆ తలుపు వెనక లేనివాళ్లను తిట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టేది. ప్రతి టింగుకూ ముందుగదిలో వనితకు ఒంట్లో ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

ఉండబట్టలేక అక్షయ్‌కు ఫోన్ చేసింది. ఆట చివర్లో ఒక్క బొమ్మ పెడదాం సర్, తలుపు తెరుచుకుని ఆమె లోపలికి పోతుంది, నా సొంత టైమ్‌లో గీసిస్తాను, పైసా అడగను అంది. అక్షయ్ నవ్వాడు. చివరిదాకా ఆడేవాడెవడు? తలుపు తెరిస్తే మళ్లీ కవరు మీద ఏం చూపిస్తాం? అన్నాడు. ఆ తర్వాత వనిత ఆ మాటే ఎత్తనట్టు ఇంకో పని చెప్పాడు. దసరాకు కవరు మార్చాలి. బొమ్మలోని ఆడమనిషి చీర పట్టుకుని ఒక చిన్నపిల్ల కూడా ఏడవాలి.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం లస్మవ్వ ఫోన్ పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. ఆట అయిపోయిందట. తెర మీద పూలు రాలాయి, తారాజువ్వలు పేలాయి, తర్వాత మళ్లీ మొదటి పళ్లెమే వచ్చింది. ఆడమనిషి రాలేదు.

"నేనేమన్న తప్పు పేర్చిన్నా?" అని అడిగింది.

వనిత కుర్చీలోంచి లేచింది. "లేదవ్వా. నువ్వు మంచిగనే పేర్చినవ్. గా తలుపు తెరవనే తెరవదు. లోపల గామె లేనే లేదు. బొమ్మ కోసం పెట్టిన్రు, అంతే. గీసింది నేనే," అని గడగడా చెప్పేసింది.

లస్మవ్వ ఆట మూసి, ఫోన్ మీది ఆ ముఖం కేసి చూసింది.

"నా మొకమని మొదాలే ఎర్కయింది బిడ్డా," అంది. "నువ్వే గీసినవనీ ఎర్కయింది. బొట్టు పెట్టినవ్, గాజులేసినవ్. నా బిడ్డ ఇంత చేసింది, ఆఖరికి నన్ను లోపటికి తోల్కపోకుంట ఉంటదా అని గిన్ని దినాలు ఆడిన."

లస్మవ్వ ఫోన్‌ను కూతురి బల్ల మీద పెట్టింది. వీధిలో రాజక్క వాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని పాడుతూ వస్తున్నారు. ఈసారి లస్మవ్వ సందులోంచి కూడా చూడలేదు. తలుపు పూర్తిగా మూసి, గడియ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

పాట దూరమయ్యేదాకా వనిత కదల్లేదు. అక్షయ్ నుంచి పిల్ల బొమ్మ ఏదని మూడోసారి మెసేజ్ వచ్చింది. కళ్లు తుడుచుకుని ఫైలు తెరిచింది. తల్లి చీర కుచ్చిళ్ల పక్కన చిన్న తల ఒకటి గీసి, ముఖం ఎలా ఉండాలో ఆలోచించకుండానే తన ముఖాన్నే గీయడం మొదలుపెట్టింది.