అరవై ఒకటి అరవై ఐదయ్యే చోట

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయం కింది అంతస్తులో, పత్రికల గదికి ఆనుకుని, రెండు బల్లలూ ఒక తెల్లబోర్డూ ఉన్న చిన్న గది ఉంది. గణితంలోనో గణాంకశాస్త్రంలోనో చిక్కుపడిన విద్యార్థి ఎవరైనా ముందుగా చెప్పకుండా వచ్చి అక్కడ కూర్చోవచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు వాళ్ళకు ఎదురుగా కూర్చునేది నేను. నేను చదివింది భౌతికశాస్త్రం. తర్వాత చాలాకాలం చేసిన పని కొలతల్లో దోషాలు పట్టుకోవడం. మా వంటింట్లో కొలగిన్నె మీద గీతలు సరైనవో కావో నీళ్ళు తూచి చూసిన మనిషిని. ఎవరేం చెప్పినా అది నిజం కాకపోవడానికి ఎన్ని దారులున్నాయో ముందు వెతుకుతాను.

ఆ గదిలో ఆ అలవాటుకు మేత బాగా దొరికింది. "పి విలువ ఎంత రావాలి మేడం?" అని అడిగేవారు. ఎంత వచ్చిందన్నది కాదు వాళ్ళ ప్రశ్న. అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంతటి తేడా కేవలం కాకతాళీయంగా ఎంత తరచుగా కనబడుతుందో చెప్పే అంకె అది. అది 0.05 కంటే తక్కువగా ఉంటే ఫలితం ఉన్నట్టేనని పిల్లలకు ఎవరో నూరిపోశారు. "కొంచెం తగ్గించండి మేడం, కూరగాయల కొట్లో అయినా తగ్గిస్తారు గదా" అని ఒకబ్బాయి నిజంగానే బతిమాలాడు. ఇలాంటివి నాలుగేళ్ళు విన్న తర్వాత నాకు అనుమానం ఊపిరి పీల్చినంత సులువైపోయింది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం, మూడు దాటి పది నిమిషాలకు ఒక అమ్మాయి వచ్చింది. మత్స్యశాస్త్రంలో ఎం.ఎస్సీ. చివరి సంవత్సరం. బోగోలు దగ్గర, సముద్రం పక్క ఊరు. రొయ్యల మేతలో కలిపే ఒక పొడి మీద ఆమె ప్రాజెక్టు. వాళ్ళ మేనమామ చూసే ఎనిమిది రొయ్యల గుంటల్లో నాలుగింటికి ఆ పొడి వేశారు, నాలుగింటికి వేయలేదు. ఆరు వారాలపాటు, వారానికొకసారి, ఒక్కో గుంటలో రొయ్య సగటు బరువు రాశారు. ఆ నివేదిక సాయంత్రం ఐదు గంటలలోపు విభాగం కార్యాలయంలో చేరాలి. లేకపోతే మరుసటి విడత దాకా పట్టా ఆగిపోతుంది. నివేదికకు నా సంతకంతో పరిశీలన చీటీ జతచేయాలని వాళ్ళ గైడు షరతు పెట్టారు.

"ఊరికే ఒక సంతకం మేడం. గైడు గారు చూసేసినారు. బాగుందన్నారు."

"ఆయన చూసేస్తే మళ్ళీ నేనెందుకు?"

"రూలంట మేడం."

ఆమె చెప్పే ఫలితం ఇది: ఆఖరి వారంలో పొడి వేసిన గుంటల్లో రొయ్య దాదాపు ఒక గ్రాము ఎక్కువ తూగింది. పి విలువ 0.05 కంటే తక్కువ. లెక్క సరిగానే చేసింది. నా చూపు అంకెల పట్టిక దగ్గర ఆగిపోయింది. నలభై ఎనిమిది బరువులు, అన్నీ గ్రాములో నూరోవంతు దాకా. వాటిలో విడివిడి విలువలు తొమ్మిదే. 14.29 ఏడుసార్లు ఉంది. 16.67 ఐదుసార్లు. ప్రాణమున్న జీవిని తూస్తే అంకెలు అలా రావు. ఇంట్లో కూర్చుని రాసేవాళ్ళకు మాత్రం కొన్ని అంకెలే మళ్ళీ మళ్ళీ చేతికొస్తాయి.

"ఏ త్రాసు మీద తూచావు?"

"గుంట కాడ త్రాసు మేడం."

"నూరోవంతు చూపిస్తుందా అది?"

"నేను తూయలేదు మేడం. మా మామ తూచినాడు. నేను రాసుకున్నా" అంది.

"ఆయన చెప్పింది రాసుకున్నావా, తోచింది రాసుకున్నావా?"

పక్క బల్ల దగ్గర సమాకలనాలతో కుస్తీ పడుతున్న ఇద్దరు బి.ఎస్సీ. కుర్రాళ్ళు కలాలు ఆపారు. నేను గొంతు తగ్గించలేదు. చీటీల పుస్తకం తీసి, ఎర్ర కలంతో, 'దత్తాంశం కల్పితమని అనుమానం' అని రాశాను. కార్బన్ కాగితం మీంచి పుస్తకంలోని కింది పేజీ మీద నకలు పడింది. అసలు చింపి ఆమె ముందుకు జరిపాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ మూడు మాటలనే చూస్తూ కూర్చుంది.

"నేను కల్పించలేదు మేడం."

"అయితే మీ మామకు ఫోన్ చెయ్. స్పీకర్ పెట్టు. నేను అడుగుతాను. నువ్వు మాట్లాడకూడదు. ఒక్క మాట కూడా అందించకూడదు."

అప్పుడు న్యాయంగానే ఉన్నాననుకున్నాను. సాక్షిని విడిగా విచారించడం మంచి పద్ధతే. ఆమె నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

అటువైపు నీళ్ళు చిమ్మే ఏరేటర్ల రొద. దాని మీంచి పెద్ద గొంతు. "ఏం పాపా, ఇచ్చేసినావా? అయిపోయిందా?"

ఆమె నా వైపు చూసి పెదవులు బిగించింది.

"నమస్కారమండీ. యూనివర్సిటీలో లెక్కలు చూసే మనిషిని. మీ మేనకోడలు ఇక్కడే ఉంది."

"నమస్తే మేడం. ఏమన్నా తప్పు చేసిందా మా పాప?"

"ఒకటి అడగాలి. ఆఖరి వారం మూడో గుంటలో రొయ్య ఎన్ని గ్రాములుంది?"

"గ్రాములా?" ఆయన నవ్వాడు. "గ్రాములు బంగారం కొట్లో అడగాల మేడం. గుంట కాడ గ్రాములెవురు చూస్తారు? మాకు కౌంటే."

"కౌంటంటే?"

"కేజీకి ఎన్ని తూగితే అంత. వల ఇసిరి, తీసి, కేజీ తూచి లెక్కపెడతాం. అరవై తూగితే అరవై కౌంటు. సముద్రం పక్కనే ఉండి ఇది తెలీదా మేడం మీకు?"

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వు ఆపుకుని దగ్గారు. నేను క్యాలిక్యులేటర్ తీశాను. వెయ్యిని అరవైతో భాగిస్తే 16.67. డెబ్బైతో భాగిస్తే 14.29. వంద నుంచి అరవై దాకా ఐదైదు తగ్గిస్తూ భాగించుకుంటూ పోయాను. తొమ్మిది అంకెలూ ఒకటి తర్వాత ఒకటి తెర మీదికి వచ్చాయి. పట్టికలో ఉన్నవి సరిగ్గా అవే.

"గైడు గారు గ్రాముల్లో వేయమన్నారు మేడం" అంది ఆ అమ్మాయి, నేను పెట్టిన నియమం గుర్తుండి కాబోలు, బాగా చిన్న గొంతుతో. "అందుకని మార్చినాను. అది అందరికీ తెలిసిందే గదా అని చెప్పలేదు."

ఆమె ఊళ్ళో కౌంటూ గ్రామూ ఒకే సంగతికి రెండు పేర్లు. నేనేం అడుగుతున్నానో ఆమెకు తెలియలేదు, ఆమె ఏం దాస్తోందో నాకు తెలియలేదు. దాచిందంటూ ఏమీ లేదు. క్షమాపణ అడగవలసిన చోటు అదే. అడగలేదు. ఇంకో ప్రశ్న అడ్డం వచ్చింది.

"ప్రతిసారీ చివర సున్నానో ఐదో ఎలా వస్తుందండీ? కేజీ రొయ్యలు లెక్కపెడితే అరవై ఒకటి రావా?"

"ఎందుకు రావు? వస్తాయి. అరవై ఒకటొస్తే కొనేవాడు అరవై ఐదంటాడు. ఒక్క రొయ్య ఎక్కువైనా, చిన్న రొయ్యలని కింది మెట్టుకి దించి రేటు తగ్గిస్తాడు గదా. అందుకని నేను పుస్తకంలో రెండూ రాస్తా. ఎడం పక్కన మాది, కుడి పక్కన వాళ్ళది."

"పాప ఏది రాసుకుంది?"

"కుడిదే. కౌంటంటే అదే గదా మేడం."

ఆ అమ్మాయి కుర్చీ అంచుకు జరిగింది. నాకంటే ముందే ఆమెకు అర్థమైంది. అరవై దగ్గర నిలిచిన గుంట అరవైలోనే ఉంటుంది. ఒక్క రొయ్య తేడాతో గీత దాటిన గుంట అరవై ఐదైపోతుంది. ఆమె చెప్పే ఒక గ్రాము రొయ్యదా, గీతదా?

"ఆ పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపించగలరా?"

"పుస్తకం షెడ్డులో ఉండాది మేడం. నేను ఈ చివర గుంట కాడ ఉండా."

"మామా, పరిగెత్తు!" అని అరిచింది ఆ అమ్మాయి.

గోడ గడియారంలో నాలుగుకు పది తక్కువ. పదిహేడు నిమిషాలు ఎదురుచూశాం. ఎర్ర అక్షరాల చీటీ ఇద్దరి మధ్యా బల్ల మీద అలాగే ఉంది. పంకా గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఆమె తన పెన్ను పెట్టింది.

ఆరు ఫోటోలు వచ్చాయి. ఉప్పునీళ్ళు పడి అంచులు ఉబ్బిన కాగితాలు, ఒకదాని మీద తడి బొటనవేలి ముద్ర. ఎడమ వరుస అంకెలు ఆమె చదివింది, నేను ఎక్కించాను. తర్వాత నేను చదివాను, ఆమె సరిచూసింది. ఆఖరి వారం దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు నెమ్మదించింది. పొడి వేసిన గుంటల్లో అరవై, అరవై, అరవై, యాభై తొమ్మిది. వేయని గుంటల్లో అరవై ఒకటి, అరవై ఒకటి, అరవై రెండు, యాభై ఆరు. కుడి వరుసలో మొదటి నాలుగూ అరవైలే. తర్వాతి నాలుగింటిలో మూడు అరవై ఐదులు, ఒకటి అరవై.

అసలు అంకెలతో లెక్క మళ్ళీ కడితే ఆ ఒక గ్రాము తేడా గ్రాములో ఇరవయ్యో వంతుకు పడిపోయింది. పి విలువ చూడనక్కర్లేదు, అయినా చూశాం. అది ఎక్కడో ఆకాశంలో ఉంది.

ఆమె తెరను చాలాసేపు చూసింది. "నేను దొంగను కాదని తేల్చినారు మేడం. నా దగ్గర ఏమీ లేదని కూడా తేల్చినారు."

నాలుగు ఇరవై ఎనిమిది.

"పాతదే ఇస్తే?" అని అడిగింది. వెంటనే తనే తల అడ్డంగా ఊపింది. "మీరు సంతకం పెట్టరు. అది సరే. కొత్తదిస్తే, తేడా లేదని రాస్తే, గైడు గారేమంటారో?"

"ఏమంటారో నాకు తెలియదు. నేను సంతకం పెట్టగలిగింది మాత్రం ఈ రెండోదానికే."

ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. ఆమె ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. పట్టిక మార్చింది. ఫలితాల అధ్యాయంలో రెండు పేజీలు కొట్టేసి పదకొండు వాక్యాలు రాసింది. కుడి వరుస ఎందుకు పనికిరాదో ఒక పేరా చేర్చింది. అందులో నేను దిద్దవలసింది ఒక్క మాట కూడా లేకపోయింది. మధ్యలో ఫోన్ మోగింది.

"ఏమైంది పాపా? నేను పంపించినవి అందినాయా?"

"అందినాయి మామా. పొడి వల్ల తేడా ఏం లేదు."

"లేదని కాదు," అన్నాను నేను, ఆగలేక. "ఈ కొలతల్లో కనబడలేదు అనాలి."

"ఆయనకి అది చాలు మేడం" అంది, నా వైపు తిరగకుండానే.

"ఆరు వారాలు నా చేతుల్తో కలిపి చల్లినాను గదే" అన్నాడు ఆయన. తర్వాత, "సరే. లేదంటే లేదనే రాయి. అక్కడ లేదని రాసి, ఇక్కడికొచ్చి ఉందని మాత్రం చెప్పబాకు."

గ్రంథాలయం ప్రింటరు మొదటి రెండు కాగితాలు నలిపి ఉమ్మేసింది. కుర్రాళ్ళలో ఒకడు లేచి వెళ్ళి దాని మూత రెండుసార్లు చరిచాడు. పేజీలు బయటికొచ్చేసరికి ఐదుకు పదమూడు నిమిషాలుంది. నేను చీటీల పుస్తకం తెరిచి కొత్త చీటీ మీద కలం పెట్టాను.

"కొత్తది వద్దు మేడం."

తన పెన్ను పక్కకు తీసి, ఎర్ర అక్షరాల చీటీని నా ముందుకు జరిపింది.

"ప్రయోగశాల పుస్తకంలో తప్పు రాస్తే చింపకూడదు, రుద్దకూడదు, కింద ఏముందో కనబడేటట్టు ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టాలి. ఫస్టియర్లో మీరే చెప్పినారు. నేను ముందు బెంచీలోనే కూర్చున్నాను."

ఏటా కొత్తగా చేరేవాళ్ళకు ఆ పాఠం చెప్పేది నేనే. ఆమె ముఖం నాకు గుర్తులేదు. ఆ మూడు మాటల మీద ఒక్క గీత గీశాను. పక్కన పొట్టి సంతకం, తేదీ. కింద, 'దత్తాంశం మూల పుస్తకంతో సరిచూశాను. కొలతలు నిజమైనవి. మొదటి అభిప్రాయం నేను పరీక్షించకుండా రాసినది' అని రాసి పూర్తి సంతకం పెట్టాను. ఆమె చదువుకుంది. చెప్పులు టపటపలాడించుకుంటూ నడవా చివర దాకా పరిగెత్తింది. మలుపు తిరిగాక ఆ చప్పుడు వినబడలేదు. కార్యాలయం తలుపు మూసేలోపు చేరిందో లేదో తెలియక ఐదున్నర దాకా అక్కడే కూర్చున్నాను. చేరిందని, నివేదిక తీసుకున్నారని మరునాడు కార్యాలయం గుమాస్తా చెప్పాడు. మౌఖిక పరీక్షలో ఆ కొట్టివేత ఏమిటని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పిందట. ఆమె మళ్ళీ ఆ గదికి రాలేదు.

గుమాస్తా ఆ మాట చెప్పిన రోజే ఇంకో సంగతి గమనించాను. దిద్దింది ఆమె చేతిలోని అసలు మీద. అది అప్పటికే చింపి ఉంది కనుక గీత నకలు మీద పడలేదు. నా చీటీల పుస్తకంలో మిగిలింది ఆ అమ్మాయి మీద అనుమానం ఒక్కటే, కార్బన్ నీలంలో, ఎదురు లేకుండా. నకలు మీద కూడా గీత గీశాను. ముందు రోజు తేదీ వేయబోయి ఆగి, గీసిన రోజు తేదీనే వేశాను.