కింది గొంతు

మా చెల్లెది ఆల్టో. కారు కాదు, గొంతు. కారు కొనే మొఖాలైతే జహనుమా బస్తీల కిరాయింట్ల ఎందుకుంటం? చర్చిల పాడే కాయిర్‌ల మొదటి గొంతు పాట ఎత్తుకుంటే, దాని కింద ఆనుకొని నడిచేది ఆల్టో. ఉన్నన్నాళ్లు ఎవరూ పట్టించుకోరు, లేకుంటే పాట బోసిపోతది. మా కాయిర్ చిన్నది, ఆల్టో ఆమె ఒక్కతే. వెనక మొగోళ్ల వరసల నేను నిలబడ్త. నేను గొంతెత్తితే ఎవరో ఇన్వర్టర్ ఆన్ చేసిన్రనుకుంటరు. నాకు బాగా తెలిసిన తాళం మా ఇంటి తలుపుది ఒక్కటే, అది సుత అప్పుడప్పుడు పడదు.

టీవీల పాటల పోటీకి ఆడిషన్లని తెలిసి చెల్లె పోయింది. వయసు దాటితే తీసుకోరు, ఆమెకు ఇదే ఆఖరి ఏడు. చిన్నప్పటినుంచి నలుగురి నడుమ పాడిన మనిషి. ఒక్కసారన్న తను ఒక్కతే పాడితే వినాలె అని ఆశ. గెలుస్తనని ఎన్నడూ అనలే. "వింటరు గద అన్నా, గంతే చాలు" అన్నది.

పొద్దున పోయి, దీపాలు పెట్టే యాళ్లకు వచ్చింది. ఏమన్నరే అంటే, "ఫోన్ చేస్తమన్నరు. టీవీల వస్తదంట" అని చెప్పులిడిచి వంటింట్లకు పోయింది.

ఫోన్ రాలే. ఇగ టీవీ మీదనే ఆశ.

ఆదివారం సాయంత్రమైతే అమ్మ కుర్చీల, పక్కింటి ఖాలా మంచంమీద, నేను కింద, చెల్లె తలుపుకాడ. ఎప్పుడైనా లేచిపోవచ్చన్నట్టు కూసునేది. ఖాలాకు తెలుగు పాట సగం అర్థంగాదు, అయినా ఒక్క వారం తప్పలే. బ్రేక్ వచ్చినప్పుడల్ల "హమారీ బచ్చీ కబ్ ఆతీ?" అని, మన పిల్ల ఎప్పుడొస్తదని అడిగేది.

ఆడిషన్లల్ల పాట కంటె పాట్లే ఎక్కువ చూపిస్తరు. ఒకామె ఇల్లు కురుస్తదంటది, ఒకాయన నాయన మంచంల ఉన్నడంటడు. పాటను నడిమిట్ల కోసేస్తరు గని, కన్నీళ్లను ఆఖరి బొట్టుదాంక చూపిస్తరు.

"నువ్వు సుత ఏదన్న కష్టం చెప్పకపోయినవా?" అన్న.

"నువ్వున్నవని చెప్పిన అన్నా. గంత కష్టం ఉండదన్నరు."

ఖాలాకు అమ్మ తర్జుమా చేసి చెప్తే, ఆమె నవ్వి నవ్వి పొలమారింది.

ఆడిషన్ల ఆఖరి వారం, ఎంపికైనోళ్లందరు అయిపోయినంక, పాడరానోళ్లను వరసబెట్టి చూపించిన్రు. ఒకడు దగ్గిండు, ఒకడు మాటలు మర్చిపోయిండు. వాళ్ల తర్వాత నీలం డ్రెస్సుల మా చెల్లె. క్రిస్మస్‌కు కుట్టించుకున్నదే. ఇంట్ల అమ్మ రోజూ పాడే పాత సినిమా పాట ఎత్తుకున్నది. ఒక లైను గూడ కాలే. బాతు అరిచినట్టు సప్పుడు పెట్టిన్రు. జడ్జి చెవులు మూసుకున్నడు. తర్వాత ఇంకెవరో వచ్చిండు.

"బస్? ఇత్తాఇచ్?" అన్నది ఖాలా. అంతేనా అని.

అమ్మకు నాకు తెలిసిపోయింది. అది ఆ పాటే, గని పాట కాదు. మా ఇంట్ల అమ్మ కూరగాయలు కోసుకుంట పాట ఎత్తుకుంటది, చెల్లె ఎక్కడున్నా దాని కిందికొచ్చి చేరుతది. ఆ పాట ఆమె ఎన్నడూ పైగొంతుల పాడలే, మాకెన్నడూ ఆ సోయి రాలే. అంతమంది ముందట, ఆమె కిందిదే పాడింది. పైన ఎవరూ లేరు.

"నీ గొంతు చెవులల్ల ఉండె అమ్మా" అన్నది చెల్లె, టీవీ దిక్కే చూసుకుంట. "నువ్వు పాడుతున్నవనే అనుకున్న."

"నేనాడ లేను గద బిడ్డా."

అమ్మ మెల్లగ ఆ పాట మొదటిగొంతు ఎత్తుకున్నది, చెల్లె వచ్చి చేరుతదని కావచ్చు. చెల్లె లేచి, "వద్దమ్మా" అని, దండెం మీది బట్టలు తీసుకురానీకె పోయింది. ఖాలా కొంగుతోని కండ్లద్దుకొని, చెప్పకనే ఇంటికి పోయింది.

మళ్ల ఆదివారం ఆరాధనకు ముందు ప్రాక్టీసు. చెల్లె తన జాగల నిలబడ్డది. పేజీ సరిగ్గ తిప్పింది, పెదిమలు సరిగ్గ కదిలినయి. కాయిర్ మాస్టరు చెయ్యి ఆపిండు.

"ఆల్టో ఏదమ్మా? వినొస్తలేదు."

"పాడుతున్న సార్."

మళ్ల మొదటినుంచి ఎత్తుకున్నం. ఆ ఖాళీ కనపడకుండ నేనే కొంచెం గొంతు పెంచిన. మాస్టరు నా దిక్కు చూసి, "నువ్వు తగ్గించు నాయనా" అన్నడు. తగ్గించిన. అప్పుడు వినొచ్చింది, ముందే వచ్చి ఆడోళ్ల బెంచీల కూసున్న మా అమ్మ గొంతు. పై గొంతు, ఒక్కటే. చెల్లె పెదిమలు కదులుతనే ఉన్నయి.