వర్తక సంఘం కుట్టించిన అంగీలు

పావగడ వర్తక సంఘానికి నేను కార్యదర్శిని కావడానికి పెద్ద అర్హతలేమీ లేవు. బస్టాండు వీధిలో నాకొక జెరాక్సు అంగడి ఉంది. అందులో కంప్యూటరు, ప్రింటరు ఉన్నాయి. మేం మాట్లాడేది తెలుగే అయినా ఊరు కర్ణాటకలోది; కన్నడంలోనూ ఇంగ్లిషులోనూ అర్జీలు తప్పుల్లేకుండా రాయగలను. అంతకుముందు కార్యదర్శిగా ఉన్న మందులషాపాయన చూపు మందగించి తప్పుకున్నాడు. ఆ సమావేశంలో అధ్యక్షుడు నావైపు తిరిగి, "ఇంగ నువ్వే రాయప్పా. యాడికో పోయి టైపు కొట్టించే పని తప్పుతాది" అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు.

అధ్యక్షుడిది బట్టల అంగడి. తాతల నాటి వ్యాపారం. డెబ్బై దాటిన మనిషి, మాట తక్కువ. కోపం వస్తే ఇంకా తక్కువ. సంఘం కూడా ఆయనలాగే ఉండేది. బజారులో మేడమీద ఒక గది, ఒక పొడుగు బల్ల, గోడమీద పాత అధ్యక్షుల ఫోటోలు. సభ్యుల్లో ఎవరైనా పోతే సంతాపం తెలిపి మధ్యాహ్నం దాకా అంగళ్ళు మూసేవాళ్ళం. కరెంటు సరిగా ఇవ్వమని అర్జీ ఇచ్చేవాళ్ళం. శనివారాలు గుడికి వచ్చే జనం బండ్లు అడ్డం పెడుతున్నారని పోలీసులకు చెప్పేవాళ్ళం. అంతకుమించి సంఘం చేయగలిగింది ఉంటుందని మాకెవరికీ తోచలేదు.

తిరుమణి వైపు సోలార్ పార్కు పనులు మొదలైన కొత్తలో బజారు కళ మారిపోయింది. ఎక్కడెక్కడి భాషలవాళ్ళో వచ్చారు. లాడ్జీల్లో గదులు దొరకలేదు. ఇనుప సామాన్ల అంగడివాళ్ళకు అన్నం తినడానికి తీరిక లేదు. నా అంగట్లో ఐదెకరాల వాళ్ళూ పదెకరాల వాళ్ళూ పొలం ఎవరిదో చెప్పే పహణీ పత్రాలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. భూమి కంపెనీకి గుత్తకివ్వడానికి ప్రతి కాగితానికీ మూడేసి నకళ్ళు కావాలి. ఆ రోజుల్లో నా ప్రింటరు చల్లబడింది లేదు.

తర్వాత ప్యానెళ్ళు బిగించడం అయిపోయింది. వచ్చినవాళ్ళు వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయారు. మాకు అప్పుడు తెలిసింది, శెనక్కాయ కూడా వాళ్ళతోపాటే వెళ్ళిపోయిందని. పార్కు ఊళ్ళలో పంట లేదు కాబట్టి విత్తనాల అంగట్లో బేరం తగ్గింది. కాయలు ఒలిచే మిల్లు ఒకటి మూతపడింది. ఎరువుల అంగడాయన సమావేశానికి వచ్చి, "రైతుకు గుత్త వస్తాది, నాకేమొస్తాది?" అని అడిగాడు.  అధ్యక్షుడు అన్నాడు, "వాళ్ళు కొనేవన్నీ బెంగళూరు నుంచి తెచ్చుకుంటాండారు. ఈడ దొరికేవి ఈడ కొనమని అడుగుదాం."

అలా నలుగురం తిరుమణి వెళ్ళాం. గేటు దగ్గర వాచ్‌మన్ మాకు తెలిసినవాడే, ఒకప్పుడు గొర్రెలు మేపినవాడు. అయినా పుస్తకంలో పేరూ ఊరూ రాయించుకున్నాకే లోపలికి వదిలాడు. ఒక కంపెనీ మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఉత్తరాది కుర్రాడు, మర్యాదస్తుడు. మీ దగ్గర ఏమేం దొరుకుతాయో జాబితా పంపమన్నాడు. రెండు పేజీల జాబితా పంపాను. నెల తర్వాత జవాబు వచ్చింది. ప్యానెళ్ళు తుడిచే ఆడవాళ్ళకు చీర మీద వేసుకునే పొడుగు చేతుల అంగీలు కావాలి, ముందు పది మాదిరికి ఇవ్వండి అని. కింద ఒక అంగీ బొమ్మ.

ఆ జవాబు ప్రింటు తీసి గల్లా బల్లమీద పెట్టినప్పుడే పార్కు ఊళ్ళలో ఒకటైన వల్లూరు నుంచి ఒకామె పహణీ జెరాక్సుకు వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. అంతకుముందు మూతపడిన మిల్లులో గోనెసంచులు కుట్టేది, ముఖం గుర్తుంది. బొమ్మను తలకిందులుగానే చూసి అడిగింది.

"ఈ అంగీలు యాడ కుట్టిస్తారన్నా?"

"సంఘంలో బట్టలంగడోళ్ళు ఉండారు గదమ్మా, వాళ్ళు చూసుకుంటారు."

"నేను కుడతా. మా తోడికోడలు ఆ పనికే పోతాది. కొలతలు నాకు తెల్సు."

"నువ్వు సంఘంలో మెంబరు కాదే."

"మెంబరంటే ఏం కావల్ల?"

"టౌన్లో అంగడి ఉండల్ల."

"అంగడి ల్యా" అంది. "మిషను ఉండాది."

నేను జెరాక్సు కాగితాలు మడిచి చేతికిచ్చాను. ఆమె వెళ్ళిపోయింది. ఆ మాట ఎవరికైనా చెప్పాలని నాకు అనిపించలేదు. నిజం చెప్పాలంటే సాయంత్రానికి మరిచిపోయాను కూడా.

అంగీలు అధ్యక్షుడే తెప్పించాడు. రెడీమేడ్ సరుకు, పట్నం నుంచి వచ్చింది. మెరిసే గుడ్డ, నిండా బొత్తాలు. కంపెనీ పది అంగీలనూ పనివాళ్ళకు ఇచ్చింది. రెండు వారాలకు మేనేజరు నుంచి ఒకే ఒక వాక్యం వచ్చింది. సరిపడలేదు, వద్దు. కారణం రాయలేదు. ఆ కాగితం చదివి అధ్యక్షుడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సమావేశంలో హోటలాయన ఆ సంగతి ఎత్తితే, "ఇంగ ఆ మాట వద్దు" అన్నాడు.

అప్పుడు నాకు వల్లూరామె గుర్తొచ్చింది. చెప్పాను. ఎరువుల అంగడాయన వెంటనే అడ్డుపడ్డాడు.

"ఈ పొద్దు ఆమె. రేపు ఊరూరా మిషనుండే వాళ్ళంతా వస్తారు. మనం ఇన్నేండ్లు అంగళ్ళు పెట్టుకోని కూర్చునేది దేనికి?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. బేరాలు తగ్గి ఆయన అప్పటికే పనిమనుషులను మాన్పించి తనే బస్తాలు ఎత్తుతున్నాడు.  అందరూ లేచాక అధ్యక్షుడు నన్ను ఆపి, "పోయి చూసి రాప్పా" అన్నాడు.

మర్నాడు స్కూటరు మీద వల్లూరు వెళ్ళాను. ఆమె ఇంటి ముందర రేకుల నీడలో మిషను వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. గోడకు మేకుకి మేమిచ్చిన అంగీయే వేలాడుతోంది.

"ఇది ఈడికెట్ల వచ్చింది?"

"మా తోడికోడలిది. సరిచేసియ్యమని తెచ్చినాది." ఆమె అంగీ దించి నా ముందు పరిచింది. "ఇది మగోళ్ళ కొలత అన్నా. చీర మీద ఏసుకుంటే నడుము కాడ ముడుచుకుంటాది. పొడుగు కట్టె పట్టుకోని తుడిచేటప్పుడు చెయ్యెత్తితే చంకలో పట్టేస్తాది. ఈడ ఇంత గుడ్డ అతుకేసినా, సూడు."

"బొత్తాలేమైనాయి?"

"ఇనుపవి గదా. వంగితే అద్దానికి తగుల్తాయి, గీతలు పడ్తాయని సూపరైజరు తిట్టినాడంట. తీసేసి నాడాలు కుట్టినా."

మేనేజరు రాయని కారణాలన్నీ నాకు అక్కడ తెలిశాయి. ఆమె మొదటిరోజే కొలతలు తెలుసని చెప్పింది. ఆ సంగతి నాకు కొంచెం గుచ్చుకుంది.

"ఆ పొద్దు నీ మాట సంఘంలో చెప్పలేదమ్మా నేను" అన్నాను.

"చెప్తే మాత్రం వింటాండ్రా?" అంది, దారం పళ్ళతో తెంపుతూ. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. టీ పెట్టమంటావా అని అడిగింది.

అంగీ అడిగి తీసుకుని నేరుగా బట్టలంగడికి వెళ్ళాను. అధ్యక్షుడు కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని తిరగేసి లోపలి కుట్లు చూశాడు. చంక కింద అతుకు మీద వేలు పోనిచ్చాడు. అంగట్లో ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నా వాళ్ళవైపు చూడలేదు. చివరికి, "కుట్టు బాగుండాది. మన గుడ్డే బాగల్యా" అన్నాడు. నూలు గుడ్డ తానొకటి కిందికి దించమని పనివాడికి చెప్పాడు.

వారం తర్వాత ఆమె కుట్టిన కొత్త అంగీలతో ముగ్గురం తిరుమణి వెళ్ళాం, అధ్యక్షుడు, ఆమె, నేను.  మేనేజరు అంగీలను ఇద్దరు పనివాళ్ళకు తొడిగించి, బయట ప్యానెళ్ళ దగ్గర పని చేయించి చూశాడు. వాళ్ళు చేతులెత్తి తుడిచారు, వంగారు, లేచారు. అతనికి నచ్చినట్టే ఉంది. లోపలికి వచ్చాక ఆమెను చూపించి, ఈమె ఎవరు, మీ సంఘానికి ఏమవుతుంది అని ఇంగ్లిషులో అడిగాడు. అధ్యక్షుడికి నేను ఆ ప్రశ్న తెలుగులో చెప్పాను.

"మా సంఘం మెంబరు అని చెప్పప్పా" అన్నాడు అధ్యక్షుడు.

ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది. అప్పటికి ఆమె సభ్యురాలు కాదు. కాగలదని కూడా మా నియమాల్లో లేదు. నేను ఆయన అన్నది అన్నట్టే ఇంగ్లిషులో చెప్పాను.

కాబట్టి తిరిగొచ్చాక ఆ మాట నిజం చేయాల్సి వచ్చింది. తాలూకాలో ఎక్కడైనా సొంతంగా వ్యాపారమో వృత్తో చేసేవారు, అంగడి లేకపోయినా, సంఘంలో చేరవచ్చునని తీర్మానం, మా మాటలో ఠరావు, రాశాను. నేను రాసిన ఠరావుల్లో అంత గొడవ జరిగింది అదొక్కటే. ఎరువుల అంగడాయన లేచి నిలబడి, "ముందు మాటిచ్చేసి, ఇప్పుడు మమ్మల్ని అడుగుతాండావు" అని అధ్యక్షుడిని నిలదీశాడు.

"అవును. తప్పే" అన్నాడు అధ్యక్షుడు. "ఆ తప్పుకు నన్ను దిగిపొమ్మంటే దిగిపోతా. ఆమెను మాత్రం చేర్చుకోండి."

ఆయన అంత మాట అంటాడని ఎవరూ అనుకోలేదు. చేతులెత్తమన్నాం. ఒప్పుకున్నవాళ్ళు సగానికి కొంచెం ఎక్కువ. ఎరువుల అంగడాయన చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోయాడు. రెండు సమావేశాలకు రాలేదు. మూడోదానికి ఏమీ జరగనట్టే వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె మొదటిసారి సమావేశానికి వచ్చినప్పుడు తలుపు పక్కన కూర్చుంది. గదిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. మగవాళ్ళు కాళ్ళు సర్దుకుని కూర్చున్నారు, గొంతులు కాస్త తగ్గాయి. గంటన్నర విన్నాక చెయ్యెత్తి, "నాదొక మాట" అంది.

"చెప్పమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"మీటింగు సాయంత్రం పెడతాండారు. మా ఊరికి ఆఖరి బస్సు పోతాది. మధ్యాన్నం పెడితే నాకు వీలవుతాది."

మధ్యాహ్నం అంటే అంగళ్ళవాళ్ళు అన్నం తిని కునుకు తీసే వేళ. గొణుగుళ్ళు వినిపించాయి. హోటలాయన, "నాకు మధ్యాన్నమే నయం. సాయంత్రం గిరాకీ పోతాంది" అన్నాడు. ఆ మాటతో ఒప్పుకున్నారు. అప్పటి నుంచి మా సమావేశాలు మూడు గంటలకు మొదలవుతున్నాయి.

గుడ్డ అధ్యక్షుడి అంగడిది, కుట్టు ఆమెది. వల్లూరులోనే మరో నలుగురు ఆడవాళ్ళను కూడగట్టుకుంది. ఒక కంపెనీని చూసి ఇంకొకటి అడిగింది. మెడ వెనక ఎండ తగలకుండా గుడ్డ వేలాడే టోపీలు కూడా కుట్టారు. నేను చేసిందల్లా కాగితాల పని. రిజిస్ట్రేషన్లు, దరఖాస్తులు, మెయిళ్ళు. ఆమె వారానికొకసారి వచ్చి అంగడి ముందు స్టూలు మీద కూర్చుని, నేను టైపు చేసింది తెలుగులోకి మార్చి చదివించుకునేది. ఒకసారి మెడ కొలత తప్పు రాశానని పట్టుకుంది.

నాలుగేళ్ళు అలా గడిచాయి. తర్వాత ప్యానెళ్ళ మీద నీళ్ళు లేకుండా తమంతట తామే దొర్లుతూ తుడిచే యంత్రాలు వచ్చాయి. తుడిచే ఆడవాళ్ళను కొందరిని మానిపించారు. వాళ్ళలో ఆమె తోడికోడలు కూడా ఉంది. సంఘం తరఫున ఊరివాళ్ళకు వేరే పనులైనా ఇవ్వమని ఉత్తరం రాశాను. మేనేజరు మారిపోయాడు. కొత్తాయన మీ ఉత్తరం అందింది, కృతజ్ఞతలు అని జవాబిచ్చాడు. రెండోసారి రాస్తే అది కూడా రాలేదు. మా సంఘం బలం ఎంతో నాకు ఆ రెండు ఉత్తరాలతో బాగా అర్థమైంది. కంపెనీ కొనేదాన్ని ఇక్కడ కొనిపించగలిగాం. కొనడం మానేస్తే ఆపగలిగే శక్తి మాకు లేదు.

ఆ సంగతి చెప్పడానికి పిలిస్తే ఆమె తోడికోడలితో కలిసి వచ్చింది. ఇద్దరూ నిలబడే విన్నారు. తోడికోడలు కళ్ళు తుడుచుకుంది. ఆమె మాత్రం, "సరే. బడోళ్ళకు యూనిఫారాలు ఎవురు కుడతారో కనుక్కో అన్నా" అంది.

కనుక్కున్నాను. రెండు ప్రైవేటు బడులవాళ్ళు సంఘంలో సభ్యులే. అధ్యక్షుడు ఫోను చేసి ఒకరిని ఒప్పించాడు, రెండోవారు కుట్టు చూశాక చెప్తామన్నారు, చూసి ఒప్పుకున్నారు. అంగీల పనంత పెద్దది కాదు. ఏడాదిలో మూడు నెలలు ఊపిరాడదు, మిగతా రోజులు జాకెట్లు, ఫాల్సులు. తోడికోడలు మిషను నేర్చుకుంది. నేర్చుకోవడానికి ఆలస్యమైందని, కాజాలు మాత్రం తనకు రావని ఇప్పటికీ చెబుతుంది. ఆమె కూడగట్టుకున్న నలుగురిలో ఇద్దరు తోటల్లో కూలికి వెళ్ళిపోయారు.

పోయిన ఏడాది అధ్యక్షుడు మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేక పదవి వదులుకున్నాడు. హోటలాయన అధ్యక్షుడయ్యాడు. వల్లూరామె ఇప్పుడు కమిటీలో ఉంది. బజారు చివర చిన్న గది బాడుగకు తీసుకుని రెండు మిషన్లు పెట్టింది. ఆమె తర్వాత సంఘంలో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు చేరారు. ఒకామె రొట్టెలు చేసి అమ్ముతుంది, ఒకామె టీ అంగడి, ఇంకొకామె క్యాతగానచెర్లులో పిండిమర నడుపుతుంది. మొన్నటి సమావేశంలో పిండిమరకు కరెంటు సరిగా రావడం లేదని గంటసేపు మాట్లాడుకున్నాం. అర్జీ నేను రాస్తున్నాను. ఎరువుల అంగడాయన కరెంటాఫీసులో తనకు తెలిసిన ఇంజనీరు ఒకడున్నాడని, అర్జీ తానే తీసుకుపోయి ఇస్తానని ఒప్పుకున్నాడు.