వెనక షెడ్డుకు ఊడదీసిన తీగ

ఏసుదాసు చెవికి ఒక జబ్బు పట్టుకుంది. రేడియోలో పాట ఆగినా, కామత్‌ఘర్ చర్చిలో పాస్టరు ఊపిరి తీసుకోవడానికి ఆగినా, ఆ సందులోంచి యమునాబాయి గొంతు వస్తుందని ఒళ్లు బిగుసుకుపోతుంది. యమునాబాయి బతికే ఉంది. మనిషిని వెంటాడడానికి చావనక్కర్లేదు.

ఏసుదాసుది మైకుల పని. 2002లో గైబీ నగర్‌లో దత్తాత్రి సేఠ్ మరమగ్గాల కార్ఖానాకు సౌండు పెట్టింది అతనే. ముందు షెడ్డుకో లైను, వెనక షెడ్డుకో లైను. గోడకున్న నాబ్‌తో పనివాళ్లు పాట పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఆఫీసులో మైకు మీట నొక్కితే మాత్రం పాట తెగిపోవాలి, నాబ్ సున్నా మీదున్నా మాట నిండుగా రావాలి. నాబ్‌ను తప్పించి మాటను మోసేది మూడో తీగ.

మైకు చేతికొచ్చాక సేఠ్‌కు ప్రవచనం పూనింది. పనే దైవమనీ, చాయ్‌కి లేవడం పాపమనీ రోజూ ఒకటే ఊదర. మన ఊళ్ల నుంచి వలసొచ్చి వెనక షెడ్డులో మగ్గం నడిపే చిన్నయ్య ఏసుదాసును పట్టుకున్నాడు. "దాసన్నా, గీ భజన మా నెత్తిమీద పడకుంట ఏమన్న జెయ్యరాదే."

ఏసుదాసు నవ్వి వెనక షెడ్డు మూడో తీగ ఊడదీశాడు. ఇక నాబ్ తిప్పితే సేఠ్ కూడా నోరు మూసుకుంటాడు. ప్రవచనం అయ్యాక మళ్లీ పెంచుకునేవాళ్లు. ఒకరోజు మరిచారు.

ఆ రోజే చిన్నయ్య తండ్రి కొన ఊపిరితో ఉన్నాడని ఊరి నుంచి ఫోను వచ్చింది. ఆఫీసులో ఫోనెత్తే యమునాబాయి మైకులో పిలిచింది, మళ్లీ మళ్లీ పిలిచింది. ముందు షెడ్డు నూలు లేక మూతపడి ఉంది. వెనక షెడ్డులో మగ్గాల మోత తప్ప ఏమీ వినబడలేదు. చిన్నయ్యకు సంగతి తెలిసేసరికి బస్సు పోయింది. ఊరు చేరేసరికి చితి కూడా ఆరింది.

ఎవరూ వినలేదంటే యమునాబాయి పిలవనే లేదని సేఠ్ తేల్చాడు. మైకు చూసి చెప్పమని ఏసుదాసును పిలిపించాడు. చిన్నయ్య పక్కనే తలొంచుకుని నిలబడ్డాడు. నిజం చెబితే వెనక షెడ్డు మొత్తానికి పని పోతుంది.

"మైకు బరాబరున్నది సేఠ్," అన్నాడు ఏసుదాసు.

అది అబద్ధం కూడా కాదు. దీన్ని మనవాళ్లు ఐకమత్యం అన్నారు. ఆ ఐకమత్యంలో మరాఠీ ఆడమనిషికి చోటు లేదు. యమునాబాయి పని పోయింది.

వానాకాలం దాటాక ఏసుదాసు ఆగలేక ధామన్కర్ నాకా కూడలిలో ఆమె ఇప్పుడు పనిచేసే ఫోన్ బూత్‌కు వెళ్లి, జరిగిందంతా చెప్పాడు. ఆమె మన పనివాళ్ల మధ్యే తెలుగు నేర్చిన మనిషి. కోప్పడలేదు, మరాఠీలో అన్నా అన్నట్టు భావూ అనే పిలిచింది.

"నేను పిలిచిన్నని నాకు ఎర్కనే గదా భావూ. నాకెందుకు చెప్తున్నవ్? నన్ను దొంగను జేసిన కాడ చెప్పు."

మర్నాడు సౌండు చూసిపోతానని కార్ఖానాకు వెళ్లాడు. మొదట వెనక షెడ్డులో మూడో తీగ కలిపాడు. తర్వాత ఆఫీసులో కూర్చుని మీట నొక్కాడు. రెండు షెడ్లలోనూ పాట తెగింది.

"నేను ఏసుదాసును మాట్లాడుతున్న. యమునాబాయి ఆ దినం పిలిచింది. వైరు ఊడదీసింది నేను."

వెనక షెడ్డులో చిన్నయ్య మగ్గం వదిలి గోడ దగ్గరికి ఉరికి నాబ్ సున్నాకు తిప్పాడట. మాట ఆగలేదు.