బొంత మీద పడ్డ నింద

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు పాలప్యాకెట్ గేటు దగ్గర పడింది. రోజూ ఆ చప్పుడుకు మా పాప లేచి కూర్చుంటుంది. ఆ రోజు లేవలేదు. దుప్పటి మెడ దాకా లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని నిద్ర నటిస్తోంది. మూడో ఏటనే పక్క తడపడం మానేసిన పిల్ల ఎనిమిదో ఏట మళ్లీ తడిపింది. వాళ్లమ్మ పోయి అప్పటికి మూడు నెలలు.

అది ఆగలేదు. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, బొంతను అనుమానించింది. మెట్‌పల్లిలో మా ఇళ్లలో పాత చీరలు పొరలుగా పరిచి బొంత కుడతారు. పాప పడుకునే బొంతను నా భార్య తన చీరలతోనే కుట్టింది.

"సచ్చినామె చీరల మీద పండుకుంటే గిట్ల గాక ఎట్లయితదిరా? పిల్లను కొండగట్టు అంజన్న గుడికి తోలుకపోదాం. గా బొంతను అవుతల పారెయ్."

నేను అది నమ్మలేదు. కానీ నా అనుమానాలు నాకుండేవి. బడిలో ఎవరైనా ఏమైనా చేశారా? బడికి తీసుకెళ్లే ఆటో అతన్ని కూడా ఆ చూపుతోనే చూశాను. పొద్దున్నే పాప లేవకముందే దుప్పటి కింద చెయ్యి పెట్టి, పక్క తడిసిందేమో చూసేవాణ్ణి. పాపకు మెలకువ ఉండేది.

కరీంనగర్‌లో పిల్లల డాక్టరమ్మ యూరిన్ టెస్ట్, బ్లడ్ షుగర్, అల్ట్రాసౌండ్ రాసింది. ఇన్నెందుకని ఆమెనూ అనుమానించాను. యూరిన్, షుగర్ నార్మల్. స్కానింగ్ చూసి ఆమె నన్ను కాక పాపను అడిగింది.

"స్కూల్ల బాత్రూంకు పోతవా బిడ్డా?"

"పోను. తలుపుకు గడియ లేదు."

"మరి మోషన్?"

"మూడు దినాలకొక్కసారి," అంది పాప నేల చూస్తూ.

"కాన్‌స్టిపేషన్," అంది డాక్టరమ్మ నాతో. "నిండిన పేగు బ్లాడర్‌ను నొక్కుతది. దానికి దుఃఖం తోడైంది. పాప కావాలని చేస్తలేదు. తిట్టకండి, నలుగురి ముందట ఈ మాట అనకండి."

సిరప్ మొదలుపెట్టాం. అదే వారం అవ్వ బొంతను గోనెసంచిలో కట్టి అటకెక్కించింది. కొన్నాళ్లు పక్క తడవలేదు.

"సూసినవా? నేను సెప్పలే?"

నాకు ఆ పొడి పక్క మీదా నమ్మకం లేదు. అనుకున్నట్టే ఒక ఉదయం కొత్త దుప్పటి తడిసింది. పాప ఏడవలేదు. తడిని చాలాసేపు చూసింది.

"బాపూ, నేను బొంత మీద పండుకోలే గదా?"

"లేదు బిడ్డా."

"అయితే అమ్మ పట్టలే నన్ను?"

చీపురు పట్టుకున్న అవ్వ గడపలోనే ఆగిపోయింది. "ఎవలన్నరే గా మాట?"

"నువ్వే నాయినమ్మా. అమ్మ దయ్యమై పట్టిందని పక్కింటి లచ్చవ్వకు సెప్తుంటే ఇన్న."

అవ్వ చీపురు పక్కన పెట్టింది. నిచ్చెన వేయించి బొంతను దింపి, ఎండలో ఆరేసింది.

ఆ తర్వాత కూడా పక్క తడిసింది. చలికాలం మరీ ఎక్కువైంది, మందు మోతాదు మార్చారు. బడిలో అడగ్గా అడగ్గా గడియ బిగించారు. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి తడుస్తుంది. పాప దుప్పటి బకెట్లో వేస్తుంది, నేను నీళ్లు పోస్తాను. మొన్న ఉట్నూర్‌లో మేనత్త ఇంట్లో పెళ్లికి వెళ్లి, బొంత పరుచుకుని పిల్లల మధ్యే పడుకుంది.

నేను చెప్పగలిగింది ఒకటే. కారణాలు డాక్టర్ దగ్గర వెతకండి, మోషన్ సంగతి తప్పక అడగండి. పిల్లలు వింటుండగా ఇంట్లో వెతకకండి.

మా ఇంట్లో ఇప్పుడు పొద్దున్నే ఎవరూ పాప దుప్పటి కింద చెయ్యి పెట్టి చూడరు.